సిగరెట్టు సెలవు

ఆసుపత్రి రెండో అంతస్తు మెట్లు ఎక్కేసరికి అతని పెదాలు నీలంగా మారిపోయాయి. పైన డాక్టరమ్మ చేతులు కట్టుకుని చూస్తోంది. ఈ మెట్లు ఆగకుండా ఎక్కగలిగితేనే ఆపరేషన్ మాట ఎత్తుతానంది ఆవిడ. ఎక్కడమైతే ఎక్కాడు గానీ, మధ్యలో గోడ పట్టుకుని ఆగిపోయాడు. వెనకే వస్తున్న పెళ్ళాం కూడా అక్కడే ఊపిరి బిగబట్టి నిలబడిపోయింది.

పనిచేసే షెడ్డులో అతన్ని కొలిమి అంటారు. రాతి పలకలకి నునుపు పెట్టే పని. మెరుపు తేలిందో లేదో చూడాలంటే పైనున్న పొడి పోవాలి. గుడ్డ పెడితే గీతలు పడతాయని నోటితోనే ఊదుతారు. కొలిమి తిత్తిలా అతను ఒక్కసారి ఊదితే ఈ చివర నుంచి ఆ చివరిదాకా పలక అద్దంలా తేలేది. లేచిన పొడి ఎవరి గొంతులోకి పోతోందని ఆ మెరుపు కొనుక్కున్న పెద్దమనుషులు ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

"గడ్డ ఉన్న కుడి ఊపిరితిత్తి మొత్తం తీసెయ్యాలమ్మా," అంది డాక్టరమ్మ గదిలోకి వచ్చాక. "ఆపరేషన్ ఒక ఎత్తు, తర్వాత నిలబడటం ఒక ఎత్తు. కుడిది పెద్దది. అది పోతే ఎడమది ఒక్కటే మనిషిని మొయ్యాలి, గుండె మీద బరువు పడుతుంది. ఒంట్లో చూస్తే కండ లేదు. పొగ తాగేవాళ్ళకైతే కఫం పేరుకుని న్యుమోనియా వస్తుంది. లోపల కుట్టిన చోటు మానక ఊడిపోవచ్చు కూడా. సిగరెట్టు మానేశావా బాబూ?"

"ఎప్పుడో మానేశానమ్మా."

బస్సులో ఇద్దరూ అనుకుని వచ్చిన మాటే అది. నిజం చెబితే వాయిదా వేస్తారు. వాయిదా వేస్తే గడ్డ ఆగుతుందా? ఇప్పుడు ఆమె అవునని తలూపాలి. కుట్టిన చోటు ఊడిపోతుందన్న మాట గుండెల్లో దిగబడిపోయింది, తల కదల్లేదు.

"అబద్ధం డాక్టరమ్మా. నిన్న కూడా తాగాడు."

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడకపోవడం చూసే ఆమెకి ఎక్కువ భయం వేసింది. "ఒక్క నెల. పొగ వద్దు, పొడి వద్దు. కడుపునిండా తినాలి, రోజూ నడవాలి. ఇప్పుడే కోస్తే బల్ల మీద బతికినా వార్డులో దక్కడు."

"ఈలోగా గడ్డ పాకితే?"

"పాకకూడదనే కోరుకుందాం."

బస్సు కోసం నిలబడ్డప్పుడు అతను మొహం అటు తిప్పుకున్నాడు. "నా పీక కోశావు కదే!"

"కోసేది వాళ్ళు. కోశాక నువ్వు లేవాలనే చెప్పాను. ఆ మాయదారి సిగరెట్టు మానలేవా?"

"దాని మీద మోజనుకున్నావా? నోట్లో అది లేకపోతే ఆ షెడ్డులో నన్ను ఎవడు కూర్చోనిస్తాడు?"

నిజమే. సిగరెట్టు వెలిగించినవాడు బయట గుమ్మం పక్కన కాసేపు కూర్చోవచ్చు. దాన్ని సిగరెట్టు సెలవంటారు. నోరు ఖాళీగా పెట్టుకుని కూర్చున్నవాడు పనిదొంగ. గుక్కెడు మంచి గాలి కోసం ఈ మనిషి ఇన్నేళ్ళూ పొగ మింగాడన్నమాట! ఆమె కూడా ఆ షెడ్డులోనే పలకలు కడుగుతుంది. ఆడవాళ్ళు పొగ తాగరు కాబట్టి వాళ్ళకి సెలవే లేదు. ఎవరి మీదో తెలియని కోపంతో ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది.

నెల రోజులు పని మానేస్తే అది ఇంకొకరికి పోతుంది, ఇల్లు ఎలా గడవాలి? మేస్త్రీ కాళ్ళావేళ్ళా పడి అతన్ని తన పక్కన, కడిగే పనిలో పెట్టించుకుంది. పొడి అక్కడికీ వస్తుంది, కాకపోతే కాస్త తక్కువ. సిగరెట్లు మాత్రం అతను ముట్టలేదు. పొగ లేని చిరాకులో అన్నం పళ్ళెం విసిరికొట్టేవాడు. ఆమె ఏరుకుని మళ్ళీ వడ్డించేది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం దగ్గు తెర ఆగలేదు. అతను తడుముకుంటూ బయటికి వెళ్ళి గుమ్మం పక్కన కూలబడ్డాడు. మేస్త్రీ వచ్చాడు.

"ఏం కొలిమీ, ఊరికే కూర్చున్నావ్?"

"ఆయాసం మేస్త్రీ. పొగ మానేశాను."

"మానేస్తే లోపలికి నడు. నిన్ను చూసి అందరూ ఇలాగే చతికిలబడితే పని సాగుతుందా?" అన్నాడు గానీ, ఆ డొక్కలెగరడం చూసి మేస్త్రీ మనసు కరిగింది. జేబులోంచి తన పెట్టె తీసి చాచాడు. "పోనీ, ఒకటి వెలిగించుకో. ఎవరూ ఏమీ అనరు."

నిజంగా జాలిపడే ఇచ్చాడు. కొలిమి చెయ్యి పెట్టె వైపు లేచింది.

తొట్టి దగ్గర నుంచి ఆమె చూసింది. చేతిలో బ్రష్షు పడేసి, తడి చీరతోనే వచ్చి మొగుడి పక్కన చతికిలబడింది.

"తాగడు మేస్త్రీ, కూర్చుంటాడు. నేనూ కూర్చుంటాను."

"నీకేం వచ్చిందమ్మా? నువ్వెప్పుడైనా పొగ తాగావా?"

"తాగలేదు. అందుకే ఇన్నేళ్ళూ కూర్చోలేదు."

మేస్త్రీ చాచిన పెట్టె అలాగే ఉంది. దాని వైపు లేచిన చెయ్యీ అలాగే ఉంది. ఆమె ఆ చేతిని రెండు తడి చేతులతో పట్టుకుని ఒళ్ళోకి లాక్కుంది. అది పెట్టె వైపు పోవడానికి పెనుగులాడింది. ఆమె వదల్లేదు.