కోటు అంచులో కుట్టు

ఆ రోజు ఇంట్లో ఉన్నది మా పిన్ని, వంటక్క, అందరూ కోటత్త అని పిలిచే ఆవిడ, నేను. మిగతా ఆడవాళ్లను వ్యానులో ఆసుపత్రికి తీసుకెళ్లారు.

పరాయి దేశంలో ఇళ్లపనికి వచ్చి, బాధలు పడలేక పారిపోయిన మన ఆడవాళ్లు తలదాచుకునే ఇల్లు అది. పిన్ని ఏటా కొన్నాళ్లు జీతం లేకుండా అక్కడ పనిచేస్తుంది. ఈసారి పరీక్షలయ్యాక నన్నూ వెంటబెట్టుకొచ్చింది. ఊళ్లో అమ్మ దగ్గర నేను జాకెట్లు కుడతాను. ఇక్కడ కుట్టుమిషనే లేదు కాబట్టి ఉల్లిపాయలు తరగడం, దుప్పట్లు మడతపెట్టడం నా వంతుకొచ్చాయి. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. కోటత్త గదిలోనే నా పడక. ఆవిడతో మాత్రం మాట్లాడేదాన్ని, ఎందుకంటే ఆవిడ ఆరాలు తీసేది కాదు.

ఎంత ఉక్కపోసినా ఆవిడ ఆ గోధుమరంగు కోటు విప్పేది కాదు.

ఉదయం పిన్నికి ఫోనొచ్చింది. కోటత్త పనిచేసిన ఇంటి యజమానురాలు. తన రాళ్ల దుద్దులు కనబడటం లేదట. సాయంత్రం పోలీసులను వెంటబెట్టుకుని వస్తుందట.

“నిజంగా దొరికాయంటే ఆవిడ జైలుకి, మన ఇంటికి తాళం,” అంది పిన్ని గొంతు తగ్గించి.

“నేను మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నాగా!” అంది వంటక్క. “నిన్న కూర్చుంటుంటే కోటు అంచు కుర్చీకి తగిలి టక్కుమంది. గుడ్డ ఎక్కడన్నా టక్కుమంటుందా? లోపల దుకాణమే పెట్టుంటుంది.”

నేను గదిలోకి వెళ్లేసరికి కోటత్త తలస్నానానికి లేచింది. కోటు విప్పి నా ఒళ్లో పెట్టింది.

“అక్కడ తడిసిపోతుంది. ఎవరూ ముట్టుకోకుండా చూడు, అమ్మలూ.”

నీళ్ల చప్పుడు మొదలవగానే పిన్ని గదిలోకి వచ్చింది. కోటు అంచును వేళ్లతో తడిమి చూసింది.

“రాళ్లే. నువ్వూ చూడు.”

చూశాను. లోపల చిన్నగా, గట్టిగా ఏవో ఉన్నాయి.

“పిన్నీ, అడుగుదాం.”

“అడిగితే చెప్పే మనిషా? పోలీసులొచ్చి చింపడం కంటే మనం చూసుకోవడం నయం. కుట్టు విప్పు. చూసి మళ్లీ కుట్టేద్దువుగాని. ఆవిడకి తెలియకూడదు. అది నీకే చేతనవును.”

ఆ ఇంట్లో నా చేతికి మొదటిసారి సూదొచ్చింది.

వంటక్క స్నానాలగది దగ్గర కాపలా నిలబడి, “అత్తా, వేడినీళ్లు సరిపోయాయా? సబ్బు ఇంకోటివ్వనా?” అని ఊరికే అరుస్తోంది.

దారం తెగకుండా ఒక్కో కుట్టూ లాగాను. అంచు విచ్చుకోగానే దుప్పటి మీద బియ్యపు గింజలకన్నా కాస్త పెద్దవి, తెల్లటివి రాలాయి. పిన్ని ఒకటి తీసి వెలుతురులో పట్టుకుంది.

“పళ్లు! పాలపళ్లు!”

వంటక్క కాపలా మానేసి పరుగెత్తుకొచ్చింది. “అమ్మో, ఏ పిల్లాడికి పీకిందో!”

“ఎవరివైతేనేం? దుద్దులు కావు,” అంటూ పిన్ని మంచం మీద కూలబడింది. “ఇక ఎవర్నైనా రానీ. తొందరగా కుట్టెయ్యవే.”

కోటత్త కుట్టు పొడుగ్గా, వంకరగా ఉంది. పళ్లన్నీ లోపలికి తోసి నేనూ అలాగే వేయడం మొదలుపెట్టాను. నీళ్ల చప్పుడు ఆగింది. కంగారులో చెయ్యి తనకు అలవాటైన పనిలో పడిపోయింది. జాకెట్టు చేతులకు వేసే సన్నటి కుట్టు, పైకి దారం కనిపించనిది. దారం తెంపాకగానీ నేను చేసింది చూసుకోలేదు. విప్పేంత వ్యవధి లేదు. గడియ తీసిన చప్పుడైంది. పిన్ని, వంటక్క వంటింట్లోకి జారుకున్నారు.

కోటత్త తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి కోటు తొడుక్కుంది. చెయ్యి తిన్నగా అంచు మీదికి పోయింది. అంచు తిప్పి చూసింది.

“ఇది నా కుట్టు కాదు.”

నేను సూదిని దుప్పటి కిందికి తోశాను.

“నాకింత అందంగా కుట్టడం రాదు. నువ్వే.”

“అత్తా, దుద్దులు పోయాయని ఆ ఇంటావిడ ఫోను...”

“దుద్దులా?” ఆవిడ నవ్వింది. ఆ నవ్వు నా వైపు రాలేదు. “వాళ్ల పిల్లాడు పన్ను ఊడినప్పుడల్లా తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. వాళ్లమ్మకి చూపించేవాడు కూడా కాదు. నువ్వడిగుంటే నీకు చెప్పేదాన్ని.”

అంచును వేళ్లతో తడుముతూ లోపలివి లెక్క చూసుకుంది. చూసి మళ్లీ చూసింది.

“అన్నీ పెట్టావా?”

“పెట్టాను అత్తా. ఒట్టు.”

“ఒట్టెందుకులే. చూస్తుండమంటే నువ్వు చూసిన తీరు చూశాగా.”

నేను వేసిన దారాన్ని పళ్లతో కొరికి తెంపింది. తర్వాత నా దిండు, దుప్పటి తీసి నా చేతుల్లో పెట్టి, భుజం పట్టుకుని గుమ్మం దాకా నడిపించింది.

“అత్తా, ఈ రాత్రి నేనెక్కడ...”

నా మాట పూర్తికాకుండానే ఆవిడ తలుపు వేసేసింది.