కాలినా పేరు చెబితే తగ్గింపు

రుమ్యానా కత్తితో తాడు తెంచి సంచీని బల్ల మీద కుమ్మరించింది. స్లివెన్ ఊళ్లోని ఈ పార్సిల్ గదిలో ఆమెకిది పదకొండో ఏడు. అంతకుముందు, మూతపడేదాకా, బట్టల మిల్లు. అరవై దగ్గరపడ్డ చేతులు. అట్టలకు ఒరుసుకుని వేళ్ల నిండా గీతలు. పేరు చూడటం, అరలో పెట్టటం, అడిగితే ఇవ్వటం.

ఇక్కడ పెట్టె విప్పి చూసుకున్నాకే డబ్బిస్తారు. బూట్లయితే తొడుక్కుని రెండడుగులు వేస్తారు. సన్నబడే చుక్కల మందును ఎలా పరీక్షిస్తారు? ఆడపిల్లలు సీసా చూసి, ఫోనులో కాలినా చూపించిందే కదా అని పట్టుకుపోతారు. కాలినా పక్క బడిలోనే పదకొండో తరగతి. ఆమె పేరు చెప్పి కొంటే వీళ్లకు ధర తగ్గుతుంది, ఆమెకు సీసా ఊరికే వస్తుంది.

పోయిన సోమవారం కాలినా వచ్చినప్పుడు చేతి గడియారం మోచేతిదాకా జారింది.

"ఏమన్నా తిన్నావటే?"

"నా వాటా కూడా నువ్వే తింటున్నావుగా పిన్నీ! నా పెట్టె ఏదీ?"

"రాలేదు."

పెట్టె ఆమె వెనక అరలోనే ఉంది. ఆ బల్ల దగ్గర రుమ్యానా ఆడిన మొదటి అబద్ధమది. ఏడు రోజులు ఎవరూ తీసుకోకపోతే వెనక్కి పంపేయాలి. ఆ ఏడో రోజు ఇవాళ. కాలినా మళ్లీ రాలేదు. పిల్ల ఆ మందు మానేసినట్టుందని, మధ్యాహ్నం జున్ను రొట్టె తృప్తిగా నమిలింది.

మూడింటికి కాలినా తరగతి పిల్ల దెసిస్లావా వచ్చింది. చేతిలో టేపు, కాగితాల కట్ట.

"పిన్నీ, మీ తలుపుకొకటి అంటించనా?"

ఊళ్లో ఎవరు పోయినా తలుపులకూ స్తంభాలకూ అంటించే కాగితమే. నల్ల అంచుల మధ్య కాలినా నవ్వుతోంది.

"శుక్రవారం ఆటల్లో పడిపోయింది. గుండె అన్నారు. నీ దగ్గర తనది రాలేదని నా సీసా అడిగింది. నేనే ఇచ్చా." ముక్కు తుడుచుకుంది. "నాకింకోటి రావాలి. వచ్చిందా?"

"ఇంకా తాగుతావా?"

"కాలినా పేరు మీద ఆదివారందాకా తగ్గింపు ఉంది పిన్నీ."

రాలేదని చెబుదామని రుమ్యానా నోరు తెరిచింది. అప్పుడూ అదే చెప్పింది. చేతులు వాటంతటవే దెసిస్లావా పెట్టెను బల్ల మీద పెట్టాయి.

అయిదింటికి, ఎవరూ తీసుకోని కాలినా పెట్టెను వెనక్కి పంపే సంచీలో వేసి, తలుపు మూసి, కాగితం ముందు నిలబడింది. ఫోటోలోంచి సీసాను కత్తిరించేశారు. దాన్ని పట్టుకున్న రెండు వేళ్లు మాత్రం కాలినా చెంప పక్కన వంపు తిరిగి అలాగే ఉన్నాయి.