వెనక సీటు వణుకు

స్టీల్ ప్లాంటులో మోటార్లు బాగుచేసే పనిలో రిటైరైన బంగార్రాజు, నెహ్రూ నగర్‌లో ఎవరి దగ్గరో పాత మోటార్ సైకిల్ కొన్నాడు. షిఫ్టుల గొడవలో భార్య గౌరీదేవిని ఎన్నడూ సరదాగా బయట తిప్పిన పాపాన పోలేదు. ఇకమీదట రోజూ సాయంత్రం తిప్పుతానని మాటిచ్చాడు. తీరా చూస్తే బండి ఒకటే అదురు! అదురు తగ్గకపోతే ఆదివారంలోగా వెనక్కి తీసుకుంటానన్నాడు అమ్మినాయన.

తనెంత మొనగాడు, వెనక్కి ఇచ్చేస్తాడా? ఇంజన్‌ని పట్టి ఉంచే బోల్టు ఒకటి వదులైందని కనిపెట్టి, బిగించి, మీసం దువ్వుకున్నాడు. హ్యాండిల్ కుదుటపడింది. కానీ గౌరీదేవి వెనక పక్కకి తిరిగి కూర్చుని, ఆయన భుజం మీద చెయ్యి వేసిందంటే చాలు, మళ్లీ భుజం దగ్గర సన్నటి అదురు.

"బండేనండీ, పాతది కదా," అనేది ఆవిడ, అడక్కుండానే.

మెకానిక్ సంజయ్ అంతా చూసి, "అంకుల్, ఇంజన్ ఏకదమ్ మస్త్, ఏ లోటూ లేదు. వెనక బరువు పెట్టి చూడండి," అన్నాడు. బంగార్రాజు భార్య బరువుకి తూగే బియ్యం మూటను సీటుకి కట్టి తాముండే సెక్టర్ 2 అంతా తిప్పాడు. ఎదురింటి కనకలత నవ్వాపుకోలేక, "అన్నయ్యగారూ, వదినని మార్చీసేరేటి?" అంది. చిత్రం, బియ్యం మూటకి అదురే లేదు. అప్పుడైనా తట్టాలి కదా, తట్టలేదు! బోల్టులన్నీ మళ్లీ మొదటినుంచి బిగించాడు.

శనివారం సాయంత్రం ఇద్దరూ ఓవర్ బ్రిడ్జి ఎక్కారు. భుజం దగ్గర మళ్లీ అదే అదురు. ప్లాంటులో ఒక పద్ధతుంది. మోటారు అదురుతుంటే కరెంటు తీసేసి, ఊరికే తిరుగుతుండగా చెయ్యి పెట్టి చూస్తారు. అదురు వెంటనే పోతే తప్పు కరెంటుది, పోకపోతే ఇంకెక్కడో ఉన్నట్టు. బంగార్రాజు బ్రిడ్జి దిగుతూ తాళం తిప్పేశాడు.

ఇంజన్ ఆగింది. బండి చప్పుడు లేకుండా జారుతోంది. సీటు కింద ఏ కదలికా లేదు. భుజం మాత్రం అదురుతూనే ఉంది.

ఎడమ చేత్తో తడిమాడు. గౌరీదేవి వేళ్లు ఆయన గుప్పిట్లో కూడా వణుకుతున్నాయి.

బండి పక్కకి ఆపాడు. "ఎన్నాళ్ల నించే?"

"ఏటీ లేదండీ, బండి..."

"బండి ఆపీసేనే, గౌరీ."

ఆవిడ చెయ్యి కొంగులో దాచుకుంది. ఈమధ్య వాకిట్లో ముగ్గులు మానేసింది. టీ గ్లాసులో సగమే పోసుకుంటోంది. ఇవన్నీ ఆయనకి ఇప్పుడు గుర్తొస్తున్నాయి. మోటారు అదిరితే గోడవతలనుంచి పసిగట్టే మనిషి, కట్టుకున్నదాని చెయ్యి వణుకుతుంటే పానా పట్టుకుని తిరిగాడు! ఆయనకి తన మీద తనకే అసహ్యమేసింది.

"ఎందుకు సెప్పలేదే?"

"సెప్తే డాక్టర్ల సుట్టూ తిప్పుతారు గానీ బండి మీద తిప్పరు కదా. ఇన్నేళ్లకి తిప్పతన్నారు," అంటూ ఏడ్చేసింది.

బంగార్రాజు ఆవిడ కళ్లు తుడిచాడు. "డాక్టర్ దగ్గరికీ దీని మీదే ఎల్దాం. తర్వాత నీకెక్కడికి కావాలంటే అక్కడికి," అన్నాడు.

"మరి రేపు తిరిగిచ్చీడం?"

"ఇవ్వను. బండిలో ఏ తప్పూ లేదు."

ఆవిడ ఎక్కి, అలవాటుగా భుజం మీద వెయ్యబోయిన చేతిని ఆయనే అందుకుని, తన నడుం చుట్టూ వేసుకున్నాడు.

"ఛీ, సెక్టర్లో అందరూ సూస్తారండీ!"

"సూడనీ."

బండి కదిలి రెండో గేరులో పడగానే, క్లచ్ వదిలేసి ఎడమ చేత్తో ఆవిడ చేతిని పొట్టకి అదిమి పట్టుకున్నాడు. గేరు మార్చాలంటే క్లచ్ నొక్కడానికి ఆ చెయ్యి తియ్యాలి. తియ్యలేదు. ఇల్లు చేరేదాకా ఇంజన్ మొత్తుకుంటూనే ఉంది, బండంతా అదురుతూనే ఉంది.