గరిటె ముట్టని ప్రయాణం

పాల్వంచలో కరెంటు ఫ్యాక్టరీకి వెళ్లే రోడ్డు మీద, షిఫ్టు బస్సులు ఆగే చోట ఒక ట్రాలీ ఆటో బండి నిలబడి ఉంటుంది. దాని పక్కలకు ఎర్ర రంగుతో ‘దీవెన టిఫిన్స్’ అని రాసి ఉంటుంది. బండి షాలేమ్‌రాజుది, పేరు అతని భార్యది. ఇడ్లీ, వడ, ఉప్మా అన్నీ ఆమె చేస్తుంది. అతను చట్నీ పోసి, ప్లేట్లు అందించి, డబ్బులు తీసుకుంటాడు. ఆదివారం కూడా పొద్దుటి షిఫ్టు వాళ్లకు టిఫిన్ పెట్టాకే, చీర మార్చుకుని చర్చికి పరుగెత్తేది దీవెన. చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమవిందు ఉంటే అక్కడా పొయ్యి దగ్గర ఆమే ఉండేది.

ఆ బండి దగ్గర రోజూ తినే వాళ్లలో నాగరాజు అనే ఆపరేటర్ ఒకడు. సెలవు దొరికితే చాలు, బైకు వెనక డేరా కట్టుకుని చింతూరు అవతలి కొండలెక్కేవాడు. తిరిగొచ్చాక ప్లేటు చేత పట్టుకుని ఆ ముచ్చట్లన్నీ చెప్పేవాడు. పొద్దున్నే డేరా జిప్పు తీస్తే మేఘం కాళ్ల కింద ఉంటుందని, గడ్డి మీద నడిస్తే పాదాలు జిల్లుమంటాయని, ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అడగరని చెప్పేవాడు. దీవెన వడలు తిప్పుతూ వినేది. ఆ ‘ఎవరూ ఏమీ అడగరు’ అన్న మాట దగ్గర ఆమె చేయి కాసేపు ఆగేది.

ఒకరోజు నాగరాజు తింటూ తింటూ, అక్కా, నువ్వు ఎప్పుడన్నా వేరేవాళ్లు చేసింది వేడివేడిగా తిన్నవా అని అడిగాడు. నవ్వులాటకే అడిగాడు. దీవెన ఆలోచించింది. పెళ్లిళ్లలో, సమర్తల్లో, చావుల్లో, క్రిస్మస్ రోజున, ఎక్కడ చూసుకున్నా చివర్లో చల్లారిన అన్నమే గుర్తొచ్చింది. ఆ సాయంత్రం మొగుడితో చెప్పింది. తనూ ఆ కొండకు పోతుంది, డేరాలో పడుకుంటుంది. ఆ రెండు రోజులు మాత్రం పొయ్యి ముట్టించదు, గరిటె పట్టదు.

షాలేమ్‌రాజు మెత్తని మనిషి. సరేనన్నాడు. దారిలో హోటళ్లున్నాయి, పైన బొంగు చికెన్ అమ్ముతారు, తిండికేం కొదవ అన్నాడు. నాగరాజు సంతోషంగా తన డేరా ఇచ్చి, ఎట్లా నిలబెట్టాలో ఆమెకు ఇంటి ముందే నేర్పాడు. ఒప్పుకోనిది అత్త ఒక్కతే, ఆమె పేరు ఆరోగ్యం. ఆ బండి రాకముందు ఆమె ఇడ్లీల గంప నెత్తిన పెట్టుకుని ఫ్యాక్టరీ గేటు దాకా నడిచి అమ్మిన మనిషి. ఆడదానికి పొయ్యి కాడ సెలవేంది అని రెండు రోజులు గొణిగింది. మూడో రోజు మాత్రం గోదారి చూసి చాలా కాలమైందంటూ తన సంచీ తానే సర్దుకుంది.

నవంబరు నెల. బండిలో పొయ్యి ఉండే చోట పరుపు వేసి, షట్టర్ పైకెత్తి కట్టారు. ఆరోగ్యం కొడుకు పక్కన ముందు కూర్చుంది. దీవెన వెనక పరుపు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. భద్రాచలం వంతెన మీద గాలికి ఆమె జుట్టంతా రేగింది. అవతల అడవి మొదలైంది. రోడ్డంతా వెనక్కి పారిపోతున్నట్టు కనిపిస్తుంటే, అది చూస్తూ ఆమె చాలాసేపు తనలో తాను నవ్వుకుంది.

చింతూరులో భోజనం చేసి ఘాట్ వైపు తిరిగాక రోడ్డు గతుకుల్లో పడింది. ప్రతి కుదుపుకూ పరుపు వెనక, చెక్క కింద ఏదో గణగణమంటోంది. దీవెన వంగి గోనెసంచి లాగి చూసింది. పొయ్యి, గ్యాస్ బుడ్డి, పెద్ద గిన్నె, రవ్వ మూట, ఉల్లిగడ్డలు, నూనె డబ్బా ఉన్నాయి. అన్నిటి మీదా ఆమె రోజూ పట్టే గరిటె ఉంది.

బండి ఆపించింది. షాలేమ్‌రాజు దిగొచ్చి ఆ సంచీనీ, ఆమె ముఖాన్నీ చూశాడు.

"ఎందుకైనా మంచిదని పెట్టిన" అన్నాడు.

"ఎందుకైనా అంటే ఏంది? హోటల్ లేకపోతే ఎవరు వండాలని తెచ్చినవ్?"

ముందు సీట్లోంచి ఆరోగ్యం, వాడు తెచ్చింది నీ మంచికే అన్నట్టు ఏదో అంది. దీవెన సంచిని తిరిగి కప్పేసి వెళ్లి పరుపు మీద కూర్చుంది. గొడవ పెట్టుకోలేదు కానీ, అంతకుముందున్న నవ్వు మాత్రం పోయింది. మాటిచ్చిన మనిషే మాట కింద పొయ్యి దాచిపెట్టాడు. అదే ఆమెకు నొప్పి.

ఘాట్‌లో కొన్ని మలుపులు ఎక్కారో లేదో, ముందు బండ్లన్నీ ఆగి ఉన్నాయి. పైన ఒక పొడవాటి లారీ మలుపు తిరగలేక రోడ్డుకు అడ్డంగా ఇరుక్కుంది. వెనక ఇరుసు విరిగింది. కింది నుంచి క్రేన్ రావాలి, తెల్లారేదాకా కదిలేది లేదని బస్సు కండక్టర్ ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ వచ్చాడు. కాసేపట్లో వెనక కూడా బండ్లు బారులు తీరాయి. తిరిగి పోదామన్నా దారి లేదు. ఫోనుల్లో సిగ్నల్ లేదు.

అదృష్టం కొద్దీ వాళ్ల బండి ఆగిన చోట, రోడ్డు పక్కనే వాగు ఒడ్డున చదునైన నేల ఉంది. షాలేమ్‌రాజు బండిని అక్కడికి దింపాడు. ఇంకా పొద్దు ఉంది. దీవెన ఎవరినీ అడగకుండా డేరా మూట విప్పింది. కడ్డీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి, గుడ్డను పరిచి, రాయితో మేకులు కొట్టింది. మొదటిసారి ఒక పక్కకు వాలిపోయింది. పీకి మళ్లీ కొట్టింది. రెండోసారికి నీలం డేరా గట్టిగా నిలబడింది. ఆమె నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంది. కొండ మీద కాకపోయినా కొండ నడుమ, తన చేత్తో కట్టిన ఇల్లు. లోపలికి దూరి అత్తనూ పిలిచింది.

ఇద్దరూ అట్లా కూర్చున్నారో లేదో బయట మాటలు వినిపించాయి. బండి మీద రాత చదివి జనం రావడం మొదలుపెట్టారు. ముందుగా ఒక కారాయన వచ్చి పది ప్లేట్ల ఇడ్లీ పార్సిల్ చెయ్యమన్నాడు. తర్వాత కండక్టర్ వచ్చి, బస్సులో నలభై మంది దాకా ఉన్నారనీ, పిల్లలు ఏడుస్తున్నారనీ చెప్పాడు. అతని వెనకే చంకలో పిల్లలతో ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఎవరూ గట్టిగా అడగలేదు. ఊరికే ఆమె వైపు చూస్తున్నారు. షాలేమ్‌రాజు కూడా చూస్తున్నాడు.

దీవెన లేచి బండి దగ్గరకు వెళ్లింది. గోనెసంచి తీసింది. అలవాటుగా ఆమె చేయి దానంతట అదే ఉల్లిగడ్డ మీదికి పోయింది. మరో చేయి కత్తి కోసం వెతికింది. పిల్లల ఏడుపు వినిపిస్తూనే ఉంది. చేస్తే ఎంతసేపు, ఒక గంట. కానీ ఈ గంట ఇచ్చేస్తే ఇక సెలవు అన్న మాటకు అర్థమేముంది? ఇంత దూరం వచ్చి, అడవి మధ్యలో కూడా తాను షిఫ్టు బస్సుల ముందే నిలబడి ఉన్నట్టు అనిపించింది.

ఉల్లిగడ్డ కింద పెట్టింది. పొయ్యి, బుడ్డి, గిన్నె, రవ్వ, నూనె అన్నీ ఒక్కొక్కటే దించి బండరాయి మీద వరసగా పెట్టింది.

"ఇది పొయ్యి, ఇది రవ్వ. నీళ్లు బండి డ్రమ్ముల ఉన్నయ్. పైసలేం వద్దు, పిల్లలకు ముందు పెట్టుండ్రి" అంది. "వండేది మాత్రం నేను గాదు. నేను సెలవు మీద వచ్చిన."

కారాయన బండి వైపు వేలు చూపించాడు.

"దాని మీద నీ పేరే ఉన్నది గదమ్మా."

"అవ్, పేరు నాదే. చేతులు గూడ నాయే."

ఆరోగ్యం సిగ్గుతో లేచి కొంగు నడుముకు దోపుకుంది. నలుగురిలో పరువు పోతుంది, తానైనా చేస్తానని పొయ్యి వైపు నడిచింది. దీవెన ఎదురెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. గంప మోసి మోసి ముసలమ్మ మెడ ఒక పక్కకు వంగిపోయి ఉంది. ఆ మెడను దీవెన రోజూ చూసేదే, ఇప్పుడెందుకో కొత్తగా కనిపించింది.

"అత్తమ్మా, నువ్ గూడ కూసో. నాకంటే ముందుగాల సెలవు రావాల్సింది నీకు."

ఆరోగ్యం ఆమె ముఖంలోకి చూసింది. దోపిన కొంగు మెల్లగా విప్పేసి డేరా ముందు చాప మీద కూర్చుంది.

అప్పుడు బస్సు జనంలోంచి ఒక పొడవాటి పెద్దమనిషి ముందుకొచ్చాడు. పేరు పగిడయ్య. అతనిది పైన కొండల్లో ఏదో కోయ ఊరు. భార్య ఆదెమ్మతో చింతూరు సంతకు వచ్చి తిరిగి పోతున్నాడు. గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసి, ఇది చాలదన్నాడు.

"మా ఊర్ల దేవతకు కొలుపు జేస్తే వంట మొగోల్లదే. ఆడోల్లు కూసుంటరు" అని చెప్పి, ఉల్లిగడ్డలు కోసేదెవరని చుట్టూ చూశాడు. అతని చూపు కారాయన మీద ఆగింది. ఆయన కాసేపు అటూ ఇటూ చూసి, చివరికి చొక్కా చేతులు మడిచాడు.

ఆ తర్వాత పని దానంతట అదే సాగింది. వెనక ఆగిన లారీ డ్రైవర్లు తమ పొయ్యిలు, బియ్యం, పప్పు తెచ్చారు. వాళ్లకు రోడ్డు మీద వండుకోవడం అలవాటే. కండక్టర్ వాగు నుంచి నీళ్లు మోశాడు. ఆదెమ్మ వచ్చి ఆరోగ్యం, దీవెనల పక్కన చాప మీద చేరి, సంతలో కొన్న సీతాఫలాలు ముగ్గురికీ పంచింది.

షాలేమ్‌రాజు మాత్రం రవ్వ మూట పట్టుకుని నిలబడే ఉన్నాడు. కొంతసేపటికి దీవెన దగ్గరకొచ్చి, రవ్వకు నీళ్లు ఎన్ని పొయ్యాలో మెల్లగా అడిగాడు. ఆమెకు నోటి దాకా వచ్చింది. ఆపుకుంది.

"పదిహేనేండ్ల సంది నా పక్కనే ఉన్నవ్ గద. యాది చేసుకో."

అతను వెళ్లి చాలాసేపు ఆలోచించి పోశాడు. మొదటి గిన్నె ఉండలు కట్టి అడుగంటింది. లారీ డ్రైవర్లు నవ్వారు, అతనూ నవ్వాడు. కింది మాడు గీకి పారేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి పగిడయ్య పక్కన నిలబడి మంట తగ్గించమని చెప్పాడు. పోపు వాసన డేరా దాకా వచ్చింది. చెమటతో తడిసి, పొగకు కళ్లు నలుపుకుంటూ గరిటె తిప్పుతున్న మొగుడిని దీవెన కూర్చునే చూసింది. ఇన్నేళ్లలో అతను అంత అందంగా ఎప్పుడూ కనిపించలేదు.

పిల్లలు తిన్నాక, చీకటి పడే వేళకు అతను రెండు ప్లేట్లు తెచ్చాడు. ఒకటి తల్లి చేతికి, ఒకటి భార్య చేతికి ఇచ్చాడు. ప్లేటులోంచి ఆవిరి లేస్తోంది.

"పొయ్యి దాచిపెట్టి తప్పు చేసిన" అన్నాడు.

దీవెన ఒక ముద్ద ఊది నోట్లో పెట్టుకుంది. ఉప్పు కొంచెం తక్కువ. నాలుక కాలింది. కాలినా ఆగకుండా ఇంకో ముద్ద తీసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగితే వేడికే అనుకోనిచ్చింది. ఆరోగ్యం తల వంచుకుని ప్లేటు ఖాళీ చేసింది. కొడుకు వైపు చేయి చాపి, ఇంకింత పెట్టమంది. ఆమె మారు అడగడం కొడుకు గానీ కోడలు గానీ ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు దీవెన కళ్లు తెరిచేసరికి డేరా అంతా నీలంగా వెలుగుతోంది. ఎండ అప్పటికే చెట్ల మీదికి వచ్చింది. జిప్పు తీసి బయటికి చూస్తే రోడ్డు ఖాళీగా ఉంది. క్రేన్ వచ్చి లారీని తీసేసిందట, బండ్లన్నీ వెళ్లిపోయాయట. పగిడయ్య పోతూ పోతూ ఆమెను లేపొద్దని చెప్పి వెళ్లాడట. షాలేమ్‌రాజు వాగులో గిన్నెలు తోముతూ ఇదంతా చెప్పాడు. తోమిన గిన్నెలు రాతి మీద మెరుస్తున్నాయి.

మధ్యాహ్నానికి వాళ్లు పైకి చేరారు. బండి పోయేంత దూరం పోయాక మిగతాది నడిచారు. ఆరోగ్యం రెండు చోట్ల ఆగి ఆయాసం తీర్చుకుంది కానీ, వెనక్కి పోదామని మాత్రం అనలేదు. చివరి గట్టు ఎక్కగానే ఒక్కసారిగా గడ్డి మైదానం తెరుచుకుంది. చుట్టూ కొండల వెనక కొండలు, మధ్య లోయలో తెల్లగా మేఘం. గాలి చీరలను జెండాల్లా కొట్టింది. దీవెన చెప్పులు విడిచి గడ్డి మీద నిలబడింది. నిజంగానే పాదాలు జిల్లుమన్నాయి. గట్టిగా, నోరారా నవ్వింది. ఆ నవ్వు విని అత్త కూడా నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకో ఇద్దరికీ తెలియదు.

పైన సిగ్నల్ ఉంది. షాలేమ్‌రాజు జేబులో ఫోను ఆగకుండా మోగింది. షిఫ్టు వాళ్లు ఒకరి తర్వాత ఒకరు చేస్తున్నారు. బండి ఏది, టిఫిన్ ఏది, దీవెనక్క ఎక్కడ, రేపన్నా ఉంటదా అని. అతను భార్య వైపు తిరిగి అడగబోయి, ఆగాడు. గాలికి వినపడేట్టు గొంతు పెంచి అందరికీ ఒకటే జవాబు చెప్పాడు.

"బంద్. రేపు గూడ బంద్. వచ్చినప్పుడు వస్తం."

దీవెన ఆ మాట విందో లేదో తెలియదు. అప్పటికే ఆమె అత్త చేయి పట్టుకుని, అవతలి గట్టు మీదికి నడుస్తోంది.