స్టార్టర్ డబ్బ మీది తువ్వాల

మోస్రా దాటి చందూర్ దిక్కు పోతుంటే బాటకు కుడిపక్క రామ్‌దాస్‌ది రెండెకరాలు, దానికి ఆనుకొని తమ్ముడు నరేందర్‌ది రెండెకరాలు. అన్నదమ్ములు పాలు పంచుకున్ననాడు భూమి రెండు ముక్కలయింది గని బోరు ఒక్కటే మిగిలింది. ఒకనాడు అన్న వంతు, ఒకనాడు తమ్ముని వంతు. వాళ్ల బాపు కాలంల ఆ నేలంత చెరుకు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ బందయినంక చెరుకు పోయి వరి వచ్చింది. రామ్‌దాస్ మాత్రం ఒరం గట్టు పొంటి రెండు సాళ్ల చెరుకు ఇంక పెట్టుకుంటనే ఉన్నడు. ఎందుకని అడిగితే "కండ్లకు అలవాటయింది" అనేటోడు. అంతకు మించి మాట్లాడే మనిషి కాదు.

నరేందర్ నిజామాబాద్‌ల ఒక హార్డ్‌వేర్ దుకాణంల పని చేస్తడు. కంఠేశ్వర్ దిక్కు కిరాయి ఇల్లు. తన వంతు ఉన్ననాడు దుకాణం తెరవంగనే ఊరికి ఫోన్ చేసేటోడు.

"అన్నా, మోటరు ఏస్తవా?"

రామ్‌దాస్ పళ్లెం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కొని, చెప్పులు తొడుక్కొని పోయేటోడు. ఇంటి నుంచి బోరు దాక మంచి దూరమే. మోకాలు ఒకటి సహకరించేది కాదు. నడుమ కరెంటు పోయి వచ్చిందంటే మళ్ల నడక. సల్లారిన కూర మీద పళ్లెం బోర్లించి పెట్టుకుంట తారాబాయికి పానం ఉసూరుమనేది. మొగన్ని అంటే వినడు. అందుకని మరిదినే పట్టుకుంది.

"నరేందరూ, ఆయన బుక్క నోట్లె పెట్టుకునే యాళ్లకే నీ ఫోను వస్తది. తిననియ్యవా మనిషిని? ఫోన్ల యాప్ పెట్టుకొని మోటర్లు ఏస్తున్నరట గద, గదేదో పెట్టుండ్రి. నీ వంతు నువ్వే ఏసుకో. ఇగ ఊకె ఫోన్ సెయ్యకు."

నరేందర్ నవ్విండు. "గట్లనే వదినా. ఇగ నీ మొగని పళ్లెం జోలికి రాను."

అన్నట్టే వారం తిరగకముందే సిమ్ము వేసే చిన్న డబ్బ ఒకటి తెచ్చి స్టార్టర్ డబ్బల పెట్టించిండు. అన్న ఫోన్ల, తన ఫోన్ల యాప్ ఎక్కించిండు. పచ్చ గుండ్రం ఒత్తితే మోటరు ఎక్కుతది, ఎర్ర గుండ్రం ఒత్తితే దిగుతది. ఎవ్వలు ఒత్తినా, ఎక్కంగనే ఇద్దరి ఫోన్లల్ల తనంతట తనే ఒక ఆడగొంతు "మీ మోటారు ఆన్ చేయబడినది" అని చెప్తది. రామ్‌దాస్ దానికి "మంచిదమ్మా" అని జవాబిచ్చేటోడు.

"ఎవ్వతె ఆమె?" అనేది తారాబాయి. "ఇన్నేండ్లల నాతోని ఒక్కనాడు మంచిగ మాట్లాడకపోతివి."

"ఆమె అడిగిందే అడగదు" అనేటోడు రామ్‌దాస్.

పక్క పొలం నర్సన్న ఊకునే మనిషి కాదు. "మంచంల పండుకొని ఎవుసం జేస్తున్నవు గదనే. రేపు నాగలి గూడ ఫోన్లనే కడ్తవా?"

"కడ్త. ఎడ్ల జాగల నిన్ను కడ్త."

ఆ యాసంగి పంటల మొగడు కడుపు నిండ తినంగ చూసింది తారాబాయి. పళ్లెం ఖాళీ అయ్యేదాక ఆయన కూసుండుడే ఆమెకు కొత్త.

ఆ చుట్టుపక్కల రైతులకు ఒక పద్ధతి ఉంది. వైర్లల్ల చెయ్యి పెట్టేటోడు భుజం మీది తువ్వాల తీసి స్టార్టర్ డబ్బ మీద వేస్తడు. తువ్వాల కనబడితే ఎవ్వలు మోటరు ముట్టరు. ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫ్యూజు తీసి పని చేసుకోవచ్చు గని, తీస్తే ఆ లైను మీది మోటర్లన్ని బందయితయి, అందరు తిడ్తరు. అందుకని చిన్న పనికి తువ్వాలతోనే గడిపేది. వాళ్ల బాపు అట్లనే చేసిండు. రామ్‌దాస్ అట్లనే చేసిండు.

మాఘమాసం. నాట్లు పడి మడి పచ్చగ కుదురుకుంటున్న దినాలు. అంతకుముందు సాయంత్రం బోరు కాడ కేబులు జాయింటు నుంచి కమురు వాసన వచ్చింది రామ్‌దాస్‌కు. తెల్లారి తమ్ముని వంతు. వాడు దుకాణం తెరిచినంక గని ఎయ్యడు, అంతల సరిచేద్దామని పొద్దుపొడుపుకే పోయిండు. తువ్వాల డబ్బ మీద వేసిండు. టేపు విప్పి వైర్లు బయటికి తీసిండు.

నిజామాబాద్‌ల నరేందర్ చాయ్ బండి కాడ నిలబడి ఉన్నడు. అన్న ఇంక లేవకముందే మడి పారితే, నీళ్లు చూసొచ్చుడుకు ఆయన నడిచే పని తప్పుతదనుకున్నడు. జేబుల నుంచి ఫోన్ తీసి పచ్చ గుండ్రం ఒత్తిండు. మళ్ల జేబుల పెట్టుకున్నడు. చాయ్ ఇంక సగం ఉండె.

నర్సన్న తన ఒరం మీది నుంచి చూసి ఉరికొచ్చిండు. కట్టెతోని కేబులు కొట్టి, ట్రాన్స్‌ఫార్మర్ కాడికి ఉరికి ఫ్యూజు గుంజిండు. అంతకుముందే రామ్‌దాస్ అంగి జేబుల నుంచి ఆ ఆడగొంతు చెప్పవలసింది చెప్పింది. నర్సన్న చెవులార విన్నడు. రామ్‌దాస్ జవాబియ్యలేదు. తువ్వాల డబ్బ మీద వేసింది వేసినట్టే ఉంది.

శవం వాకిట్ల ఉన్నప్పుడు నరేందర్ వచ్చిండు. దగ్గరికి రాలేక వేపకట్టెల కుప్ప కాడనే నిలబడ్డడు. ఊరు ఊరంత అక్కడ ఉంది. నర్సన్న పట్టలేకపోయిండు.

"ఒక్క ఫోన్ సెయ్యకపోతివిరా? ఇన్నేండ్లు వంతు తప్పకుంట సేసినోనివి, ఇప్పుడు నీ నోరు పడిపోయిందా?"

మొగని కాళ్ల కాడ కూసున్న తారాబాయి ఆ మాట విన్నది. నరేందర్ తల ఎత్తి ఒక్కసారి ఆమె దిక్కు చూసిండు. మళ్ల దించిండు.

"మరిశిపోయిన నర్సన్నా" అన్నడు.

తారాబాయి తల మొగని కాళ్ల మీద ఆనిచ్చింది. అసలు మాట తర్వాత చెప్పొచ్చనుకుంది. దినాలు అయినంక చెప్పొచ్చనుకుంది. పోలీసులు వచ్చి ప్రమాదమని రాసుకొని పోయిండ్రు. ఊరు మాత్రం ఊకోలేదు. తమ్ముడే సంపిండని ఒకరు, అన్న ఎకరాల మీద కన్నుండెనేమోనని ఇంకొకరు. చెప్పవలసిన మాట దినదినం బరువయింది.

అన్నిటికంటే బిడ్డతోని కష్టమయింది. హర్షిణి బోధన్‌ల హాస్టల్‌ల ఉండి చదువుకుంటది. చిన్నాయన భుజాల మీద పెరిగిన పిల్ల. "ఆ మనిషి పేరు నా ముందు తియ్యకు" అన్నది తల్లితోని. తారాబాయి "అట్లనకు బిడ్డా" అన్నదే గని, ఎందుకు అనొద్దో చెప్పలేదు. చెప్తే ఉన్న ఒక్క బిడ్డ తనను గూడ అదే తీరుగ చూస్తదని భయం.

మడి ఎండబట్టింది. ఆ మోటరు ఎవ్వలు ముట్టలేదు. కేబులు కొత్తది వేయించినా ముట్టలేదు. నర్సన్న తన బోరు నుంచి ఒక తడి ఇచ్చిండు. "గంతకంటె నాతోని కాదమ్మా. ఆ డబ్బ కాడికి పోతె నాకు చెయ్యి లేస్తలేదు" అన్నడు. నేల నెర్రెలు బాసింది. వరి కొసలు పసుపుపచ్చగ తిరుగుతుంటే, ఒకనాడు తారాబాయి బస్సెక్కి నిజామాబాద్ పోయింది.

నరేందర్ భార్య స్నేహలత తలుపు తీసి, తోడికోడలిని చూసి గడప మీదనే నిలబడిపోయింది.

"అక్కా, దుకాణం పోతలేడు. ఫోన్ ముడ్తలేడు. ఆ డబ్బల పడేసిండు సూడు, బియ్యం డబ్బల."

లోపలి గదిల నరేందర్ గోడకు ఆనుకొని కూసున్నడు. గడ్డం పెరిగింది. వదినను చూసి కింద ఉన్న చాప ఆమె దిక్కు జరిపిండు. ఆమె ఎదురుంగ నేల మీదనే కూసుంది.

"మడి ఎండుతుంది" అన్నది.

"ఎవ్వలనన్న పిలువు వదినా. ఎవ్వలన్న ఏస్తరు."

"ఎవ్వలు ముడ్తలేరు."

"నేనెట్ల ముడ్త?"

పక్కింట్ల కుక్కర్ కూసింది. స్నేహలత నీళ్లు తెచ్చి ఇద్దరి నడుమ పెట్టి లోపలికి పోయింది.

"మరిశిపోయిన అని ఎందుకన్నవ్?" అని అడిగింది తారాబాయి. "ఫోన్ సెయ్యకుమన్నది నేను గద. అందరి ముంగట గదే అనకపోతివి?"

"అన్న ఆడ పండుకొని ఉండె. నీ చెయ్యి ఆయన కాలు మీద ఉండె. గప్పుడు నీ మీద ఎట్ల ఏస్త వదినా?"

తారాబాయి కొంగు నోట్లె కుక్కుకుంది. నరేందర్ అన్నడు, "ఒక్క తిట్టన్న తిట్టు. నువ్వు ఏమనకుంట కూసుంటె నాకు ఊపిరాడ్తలేదు."

"తిట్టాలనే వచ్చిన. బస్సుల కూసున్నంతసేపు తిట్లే కూడేసుకున్న. కోపం పోలేదు నరేందరూ. పోతదని గూడ అనుకోను. నీ మీద ఎంతుందో నా మీద అంతుంది. గని ఆ వరి ఏం పాపం జేసింది? ఐతారం రా."

ఆదివారం నాడు నరేందర్ వచ్చిండు. ముందుగాల ట్రాన్స్‌ఫార్మర్ కాడికి పోయి ఫ్యూజు గుంజి జేబుల వేసుకున్నడు. ఆ లైను మీది మోటర్లన్ని ఆగినయి. ఎవ్వలు తిట్టలేదు. స్టార్టర్ డబ్బ తెరిచి, సిమ్ము ఉన్న చిన్న డబ్బను వైర్లతోని సహ పీకి పక్కన పెట్టిండు. ఫ్యూజు మళ్ల వేసి వచ్చి, మీట మీద చెయ్యి పెట్టి, నాలుగు దిక్కులు చూసి, గట్టిగ కేక వేసిండు.

"మోటరు ఏస్తున్నా!"

నర్సన్న దూరం నుంచి చెయ్యి ఎత్తి "ఎయ్యి" అన్నడు. నీళ్లు దబదబ పడ్డయి.

సెలవుకు వచ్చిన హర్షిణి అప్పుడే బాట మీది నుంచి పొలంలకు దిగుతుంది. చిన్నాయనను చూసి అక్కడనే ఆగింది.

"ఈయన ఎందుకొచ్చిండమ్మా? ఇంక సంపనీకె ఎవ్వలున్నరని?"

నరేందర్ మొకం నీళ్ల దిక్కు తిప్పుకున్నడు. నర్సన్న పార ఆపిండు. తారాబాయి మోకాళ్ల దాక బురదల నిలబడి ఉంది.

"నేనే రమ్మన్న" అన్నది. "ఫోన్ సెయ్యకుమన్నది గూడ నేనే బిడ్డా. మీ బాపు తినేటప్పుడు లేస్తుండని, ఇగ ఫోన్ సెయ్యకు, యాప్‌ల ఏసుకో అని నేనే సెప్పిన. మరిశిపోలేదు మీ చిన్నాయన. నా మాట ఇన్నడు."

నర్సన్న పార భుజాన వేసుకొని తన మడి దిక్కు పోయిండు. హర్షిణి తల్లిని చూసింది, చిన్నాయనను చూసింది.

"అయితె మీరిద్దరు కలిసి మా బాపును..." అన్నది. వచ్చిన బాటనే వెనకకు పోయింది. ఇంటికి పోయి సంచి తీసుకొని మధ్యాహ్నం బస్సుకే బోధన్ పోయిందని తర్వాత తెలిసింది.

సగం మడి బతికింది. నరేందర్ ఐతారం ఐతారం వస్తడు. తారాబాయి సద్ది తెచ్చి ఒరం మీద పెడ్తది. మొదటిసారి ఆయన "నువ్వు గూడ కూసో వదినా" అన్నడు.

"నేనుంటె నీకు మింగుడు వడదు. నువ్వుంటె నాకు వడదు. తిను" అని ఆమె రెండో కొసకు పోయింది.

ఒక ఐతారం ఆయన తినుడు అయినంక ఆమె చెవి కాడ ఫోన్ పెట్టుకొని కూసుండుడు చూసిండు. మాట్లాడుతలేదు. వింటుంది.

"హర్షిణికా?"

"ఆ. దినాం సేస్త. ఎత్తుతలేదు."

"మోగుతుందా?"

"మోగుతుంది. మోగి మోగి బందయితది."

నరేందర్ చెయ్యి కడుక్కున్న నీళ్లు ఒరం మీద పారబోసిండు. "నాదయితె మోగది వదినా. నా నంబరు బ్లాక్ చేసింది. నీది చెయ్యలేదు. చేస్తె ఒక్కసారి గూడ మోగకపోయేది."

ఆయన మోటరు దిక్కు పోయినంక తారాబాయి మళ్ల నంబరు ఒత్తింది. ఫోన్ చెవికి గట్టిగ ఆనిచ్చుకొని, అది మోగినంతసేపు విన్నది.