యజమాని చూపు ఆగిన చోటు

నేతమిల్లు యజమాని నిలువెత్తు చిత్రం గీయడానికి మేనత్త ఒప్పుకున్నదని తెలిసిన రోజున ముక్కోపి అన్నం ముట్టలేదు. కోపం ఎప్పుడూ ముక్కుమీదే ఉంటుందని ఇంటిల్లిపాదీ పెట్టిన పేరది. ఈసారి మాత్రం కారణం చిన్నది కాదు. మిల్లు తగలబడిన నాడు నూలుగదిలో చిక్కుకుని ముక్కోపి చెల్లెలూ, మరికొందరు ఆడవాళ్లూ బూడిదయ్యారు. ఆ గది తలుపుకు బయటినుంచి గడియ వేసి ఉంది. దాన్ని తీయబోయి ముక్కోపి రెండు అరచేతులూ కాల్చుకుంది. విచారణలో మాత్రం తలుపు తీసే ఉన్నదనీ, కంగారులో వాళ్లకే దారి తోచలేదనీ తేల్చారు. తప్పు చచ్చినవాళ్ల నెత్తినే రుద్దారు.

"వాడి మొహానికి రంగులు పూస్తావా అత్తా? సిగ్గనిపించడం లేదూ?"

"సిగ్గు తర్వాత తీరిగ్గా పడదాం. ముందు ఈ దారం పట్టుకో."

గోడంత కాన్వాసుకు కుడి మూల, ఏమీ లేని చోట, మేనత్త ఒక సూది గుచ్చింది. దానికి కట్టిన దారాన్ని ముక్కోపి ఒక్కో వైపు లాగి పట్టుకుంటే, దాని వెంబడి బొగ్గుతో గీత గీసింది. నేలపలకలు, మగ్గాల వరుసలు, పైకప్పు దూలాలు, అన్నీ ఆ సూది దగ్గరికే పరుగెత్తాయి. బుద్ధెరిగిన నాటినుంచి దారాలతోనే బతికిన ముక్కోపి నోరు తెరుచుకుని నిలబడింది. చదునైన గుడ్డ కళ్లముందే లోతైపోయింది. చెయ్యి పెడితే మోచేతిదాకా దిగబడుతుందేమోననిపించింది.

మర్నాడు యజమాని వచ్చి రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు.

"నన్ను నడిమధ్యన పెట్టాలి. అన్నిటికంటే పెద్దగా. చూపు దూరంగా ఉండాలి, గొప్పవాళ్ల చూపులా."

"ఎటు చూస్తారు సార్? నా కుడివైపు చూడండి, ముక్కు బాగా వస్తుంది."

ఆయన చూశాడు. అడిగినవన్నీ మేనత్త ఇచ్చింది. బంగారు కుర్చీ, పట్టుతెరలు, వెండిపొన్ను చేతికర్ర, ఒకదాన్ని మించి ఒకటి మెరిసిపోయాయి. చిత్రం పూర్తికావచ్చినప్పుడు యజమాని మళ్లీ వచ్చి, తన మొహం దాటి ఎటూ చూడకుండా, మీసం పలచబడిందన్నాడు.

"ఒత్తుగా పెడతాను సార్, రంగుకేం కరువు?"

ఆయన వెళ్లాక ముక్కోపి కుడి మూలకేసి చూసింది. అక్కడంతా బూడిద చల్లినట్టుంది.

"ఇదేమిటత్తా, ఇలా వెలిసిపోయింది?"

"ముదురు రంగులు ఆరాక ఇలాగే పడి నిద్రపోతాయే. చివర్న వార్నిషు పూస్తే లేచి కూర్చుంటాయి."

ఆ చివరి పూత మేనత్త ఒక్కతే తలుపు వేసుకుని పూసి, తెర కప్పింది.

ఆవిష్కరణ రోజున మిల్లు జనమంతా హాల్లో కిక్కిరిశారు. తెర జారగానే చప్పట్లు మోగాయి. అందరూ ముందు యజమానినే చూశారు. కానీ కన్ను అక్కడ నిలవలేదు. అందరూ ఒక్కసారే అరిచే సంతలో ఎవరి మాటా వినబడనట్టు, అంత మెరుపులో ఏదీ కంటికి ఆనలేదు. అప్పుడు ఆయన ఎటు చూస్తున్నాడో అటు చూశారు. నేలపలకలు అటే నడిపించాయి. మగ్గాలు అటే నడిపించాయి.

అక్కడ, బావిలాంటి చీకట్లో, ఒక తలుపు. దాని కింద సన్నని మంటగీత. సూది గుచ్చిన చోటనే, అడ్డంగా, బయటినుంచి వేసిన గడియ. తలుపు సందులోంచి వెలుపలికి పాకిన ఎర్ర రిబ్బను కొస. అంత పెద్ద చిత్రంలో ఎరుపు మరెక్కడా లేదు.

ఆ రిబ్బను ముక్కోపి తన చేత్తో చెల్లెలి జడకు కట్టినది. చప్పట్లు ఎప్పుడు ఆగాయో ఎవరికీ తెలియదు. గుళ్లోనో చర్చిలోనో ఉన్నట్టు మగవాళ్లు తలపాగాలూ టోపీలూ తీశారు.

అందరి తలలూ అటు తిరగడం చూసి యజమాని కూడా తిరిగాడు.

"అదేమిటి? దాన్ని చెరిపెయ్యి!"

"దేన్ని సార్?" అంది మేనత్త.

"ఆ తలుపుని!"

"మిల్లన్నాక తలుపుండదా సార్? దానికేం వచ్చింది?"

ఆయన నోరు తెరిచాడు. చెప్పాలంటే గడియ మాట ఎత్తాలి.

ముక్కోపి మచ్చలు పడిన రెండు అరచేతులూ పైకెత్తింది. "నేను చెప్తాను. ఆ గడియ వేసే ఉంది."

"నేనూ చూశాను," వెనకనుంచి ఒక ముసలి గొంతు.

"నేనూ."

గొంతు తర్వాత గొంతు లేచింది. యజమాని జనాన్ని తోసుకుంటూ బయటికి పోయాడు. చిత్రంలోని యజమాని మాత్రం, కోరుకున్నట్టే, రెప్ప వేయకుండా దూరంగా చూస్తున్నాడు.