ముడుల తాడు

కాఫీ గ్లాసు సగంలో వదిలేసి అత్త గొడుగు ఊచల సంచి భుజానికెత్తుకుంది. ఇంకా టైముందంటే వింటేనా. గుమ్మంలోకీ ఇంట్లోకీ కాలుగాలిన పిల్లిలా తిరిగి, నన్నూ నిలవనివ్వకుండా లాక్కుపోయింది.

మా చౌకు ఒకప్పుడు ధాన్యం దిగే మైదానమట. తర్వాత గుర్రబ్బళ్లొచ్చాయి, కొట్లొచ్చాయి. ఓ ఎండాకాలం మంటలు లేచి అన్నీ బూడిదయ్యాక, ఎవరి చోటెక్కడో తేలక తలలు పగలగొట్టుకున్నారు. చివరికి పెద్దలు తూకాల రాతిస్తంభానికి తాడు కట్టి, మనిషికో ముడి వేశారు. ముడి దగ్గర నీ చోటు, నీ తర్వాత నీ పిల్లలది. అప్పట్నించీ రోజూ తాడు లాగాకే సరుకు దింపుతాం. మొదటి ముడి గుండీలమ్మే ఆయనది. ఆఖరిది గొడుగులు బాగుచేసే మా అత్తది. ఆ చోటు పోతే మా పొయ్యిలో పిల్లి లేవదు.

బాగుచేస్తామని చౌకంతా తవ్విపోసి ఇన్నాళ్లకి ఇవాళ తెరిచారు. కొత్త బండలు బాగానే ఉన్నాయి. కానీ అందం కోసమని స్తంభాన్ని పక్కకి జరిపి, పాతచోట ఫౌంటెన్ పెట్టారు. ఇంజనీరుకి తాడు సంగతి మాలో ఒక్కరూ చెప్పలేదు. లోకమంతా ఎరిగిన విషయం చెప్పడమేమిటనుకున్నాం.

గుండీలాయన తాడు కట్టాడు. లాగితే ఆఖరి ముడి వెళ్లి బస్సులు తిరిగే రోడ్డు మీద పడింది.

అందరూ చూశారు. చూసి, ఎవరి ముడి దగ్గర వాళ్లు గబగబా సరుకు పరుచుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"తలా కాస్త జరిగితే మీ సొమ్మేం పోయింది?"

"ముడులు మార్చరమ్మా," అన్నాడు చెప్పులు కుట్టే బాబాయి, నా మొహం చూడకుండా.

అత్త తాడు కొసదాకా నడిచి, రోడ్డు మీదే పీట వేసుకుని కూర్చుంది. బస్సొచ్చి ఆగి, హారన్‌తో చెవులు హోరెత్తించింది. నేను పరుగెత్తాను.

"లే అత్తా. పంతాలకిదా సమయం?"

"పంతం కాదే. గుండీలాయన చెల్లెలు, తన మొగుడు పోయాక, అప్పట్లో ఇక్కడికొచ్చి కాస్త చోటడిగింది. అందరూ సరేనన్నారు. ముడి విప్పడానికి వీల్లేదని అడ్డంపడింది నేనే. ఇప్పుడు నాకు విప్పమని ఏ మొహం పెట్టుకుని అడగను?"

అత్త గొంతు చౌకంతా వినబడింది. గుండీలాయనా విన్నాడు. పెట్టె మూసి, వంగి, తన ముడిని పళ్లతో విప్పసాగాడు. కాసేపటికి బాబాయి కూడా తన ముడి చేతిలోకి తీసుకున్నాడు.

"మరిచిపోయావా?" అంది అత్త గుండీలాయనతో.

"లేదక్కా. ఆ రోజు వెళ్లిపోయిన నా చెల్లెలు ఎక్కడుందో ఇప్పటికీ తెలీదు. నిన్ను క్షమించాననుకోకు. ఇంకో ఆడమనిషి సంచి పట్టుకుని ఇక్కణ్ణించి పోతుంటే చూడలేను, అంతే. లే."

అత్త లేవబోయి కూలబడింది. నేను పట్టుకుంటే, ఎన్నడూ లేనిది, నా చెయ్యి విదిలించుకోలేదు.